అడుగు లేని కప్పు

“నే చెప్తున్నా వినండి, వచ్చే శనివారం ఎవరిదో ఒకరి కాలు తెగుతుంది. బూర వాయించే సిపాయిదో, పాట పాడే చంటిపిల్లలదో నాకు తెలీదు. తెగడం మాత్రం ఖాయం. రక్తం కారుతుంటే అప్పుడు గుర్తొస్తుంది అందరికీ, వర్డెల్ ముందే మొత్తుకుందని.”

చర్చి వంటింట్లో బఠాణీలు ఒలుస్తూ వర్డెల్ ఈ మాట అన్నప్పటికి ఎవరి కాలూ తెగలేదు. సభకింకా వారం ఉంది. చేపలు వేయించి పళ్ళేల లెక్కన అమ్మి కూడబెట్టిన డబ్బుతో సమాధిరాయి చెక్కించారు. అది గురువారం వస్తుందని కబురు. ఆ కాలంలో సైన్యంలో పనిచేసొచ్చిన ఆర్లెతా గ్రైమ్స్ పేరు అరవై ఏళ్ళ తర్వాత ఈ హెబ్రోను చర్చిలో పదిమంది నోట పలుకుతోంది. అందరూ సంబరంగానే ఉన్నారు. వర్డెల్‌కు మాత్రం చర్చి వెనక శ్మశానమే కళ్ళముందు మెదులుతోంది. పగిలిన పింగాణీ, లాంతరు గాజులు, మూతి విరిగిన కూజాలు, నత్తగుల్లలు, ఆగిపోయిన గడియారాలు. రాళ్ళున్న సమాధులు పాతిక కూడా ఉండవు. మిగతా అన్నింటి మీదా ఈ చెత్తే.

గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ లానీ పకపకా నవ్వాడు. చర్చిలో బరువు మోసే పనేదైనా అతనిదీ, అతని ట్రక్కుదీ.

“సిస్టర్ వర్డెల్, కిందటి నెల వానకి చర్చి కొట్టుకుపోతుందన్నావు. మొన్న ముల్లు అడ్డంపడి పాస్టరుగారు పోతాడన్నావు. చర్చీ ఉంది, ఆయనా ఉన్నాడు. పైగా ఇంకో రెండు చేపలు తిన్నాడు.”

“ఉన్నారంటే నేను ముందే అనబట్టి ఉన్నారు. కీడెంచి మేలెంచమన్నారు. నువ్వు నవ్వుతూ కూర్చో, పిల్లల కాళ్ళు నేను చూసుకుంటా.”

“సరే తల్లీ. ట్రక్కు తెస్తాను. ఏది ఎక్కించమంటే అది ఎక్కిస్తాను. నువ్వు మాత్రం నన్ను కూడా ఎక్కించకు.”

ఆ మధ్యాహ్నమే పని మొదలైంది. వర్డెల్ స్కూలు వంటశాలలో వాడే పొడుగాటి రబ్బరు తొడుగులు వేసుకుని, దంతె పట్టుకుని, ఒక్కో సమాధి దగ్గరా వంగింది. దంతెకు గాజు తగిలిన ప్రతిసారీ ఒళ్ళు జలదరించేది. ‘చూశావా, చూశావా’ అని తనలో తనే అనుకునేది. పాము ఉంటుందేమోనని ముందు నేలను రెండుసార్లు తట్టి, తర్వాత చెయ్యి పెట్టేది. తల లేని పింగాణీ బొమ్మ. చెవి విరిగిన టీ కప్పు. ముళ్ళు లేని గడియారం. వెనక కంచె వారన, మూలకు, నీలం రంగు పెచ్చులూడిన ఇనప కప్పు ఒకటి బోర్లించి ఉంది. తిప్పి చూస్తే అడుగున వేలు పట్టేంత చిల్లి. తుప్పు తినేసిందనుకుంది. ఇలాంటిదాన్ని ఎవరు దాచుకుంటారనుకుని తోపుడు బండిలోకి విసిరింది. అది కూజా మీద పడి ఠంగుమంది.

ఆమె తల్లి ఒజెల్లా కారులోనే కూర్చుని ఉంది. ఎనభై ఏడేళ్ళ మనిషి. ఎక్కడికి వెళ్ళినా, ఆదివారం చర్చికైనా సరే, గౌను మీద ముందర పెద్ద జేబున్న ఏప్రన్ కట్టుకోకుండా కదలదు. కుడిచెయ్యి ఎప్పుడూ ఆ జేబులోనే. అందులో ఏముందని చిన్నప్పుడు మనవరాలు షెరెల్ అడిగితే “నా చెయ్యి” అనేది.

ఠంగుమన్న కాసేపటికి కారు అద్దం మీద టకటకమని చప్పుడు. తల్లి ఎడమచేతి ఉంగరంతో అద్దాన్ని కొడుతోంది. వర్డెల్ దంతె పడేసి పరుగెత్తింది. ఎండదెబ్బ, గుండెనొప్పి, మళ్ళీ పక్షవాతం. ఆ నాలుగడుగుల్లో తల్లికి రాగల రోగాలన్నీ ఆమె తలలో వచ్చిపోయాయి. తలుపు తీసి నీళ్ళ సీసా నోటికి అందించింది. తల్లి ఆ సీసాను పక్కకు నెట్టి కంచె వైపు చూసింది. పెదవులు కదిలాయి.

“వేడిగా ఉందా అమ్మా? అయిపోయింది, ఇంకొక్క వరసే. అద్దం దించి పెడతా.”

ట్రక్కు వెనక తలుపు దబ్బున మూసి లానీ బండి తోలుకుపోయాడు. శ్మశానం అద్దంలా ఉందని అందరూ మెచ్చుకున్నారు. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి వర్డెల్ హాయిగా నిద్రపోయింది.

సోమవారం సాయంత్రం షెరెల్ బడి నుంచి నేరుగా తల్లి ఇంటికి వచ్చింది. వర్డెల్‌కు ఒక్కతే కూతురు, ఊళ్ళో పంతులమ్మ. ఈ సభకు మూలం ఆమే. ఏవో పాత పత్రికల్లో రెండో ప్రపంచయుద్ధం నాటి సైన్యపు నల్లజాతి ఆడవాళ్ళ జాబితా ఒకటి చూస్తే అందులో సొంత ఊరి పేరు కనబడింది. అప్పటి నుంచీ ఆ పిల్లకు వేరే ధ్యాస లేదు.

“విమానాల షెడ్డు నిండా, పైకప్పు దాకా సిపాయిలకొచ్చిన ఉత్తరాలంటమ్మా,” అంది బల్ల మీద కాయితాలు పరుస్తూ. “ఏళ్ళ తరబడి పడివున్నవి. కిటికీలకు నల్లరంగు పూసిన గదుల్లో, చలిలో, కోట్లేసుకుని మూడు షిఫ్టులు చేశారు. ఎలకలు తినేసిన పార్సిళ్ళు. ఒకే పేరున్న సిపాయిలు వందల మంది. ఏ ఉత్తరం ఎవరిదో తేల్చి పంపింది మన ఆర్లెతా. తిరిగొచ్చి మన ఊరి తెల్లవాళ్ళ పోస్టాఫీసులో పని అడిగితే చీపురు పని కూడా ఇవ్వలేదు. చివరికి లాండ్రీలో దుప్పట్లు ఉతికింది. అమ్మమ్మ పక్కనే నిలబడి ఉతికిందట, కదా అమ్మమ్మా?”

ఒజెల్లా మజ్జిగలో మొక్కజొన్న రొట్టె నలుపుకుంటోంది. చెంచా ఆగింది. మళ్ళీ నలపడం మొదలుపెట్టింది.

“మొన్నటి నుంచి ఇంతే,” అంది వర్డెల్. “ఒక్క ముక్క మాట్లాడదు. నోరు వంకర పోయిందేమోనని అద్దం పెట్టి కూడా చూశా. బాగానే ఉంది.”

“ఆవిడ చనిపోయినప్పటి కాయితం కూడా దొరికింది. పాతిపెట్టిన చోటు హెబ్రోను చర్చి శ్మశానం అని టైపు కొట్టి ఉంది. ఎక్కడా అని పాస్టరుగారినడిగా. కష్టమే లేదన్నాడు. ఆయన చిన్నప్పుడు పెద్దమ్మ చెయ్యి పట్టుకుని చూపించిందట. వెనక కంచె మూలన సైన్యం వాళ్ళ నీలం కప్పు బోర్లించి ఉంటుంది, అదే పట్టాలంలోకి వెళ్ళొచ్చిన పిల్లదని. గుర్తుగా చివరిసారి తాగిన కప్పు పెట్టేవాళ్ళట అమ్మా! పోయినవాళ్ళు వెంట ఇంకొకర్ని తీసుకుపోకుండా అడుగు పగలగొట్టి మరీ పెట్టేవాళ్ళట. ఆ గడియారాలు, ఆ కూజాలు, అన్నీ అంతే. పోయినవాళ్ళ చేతి వస్తువులు. మనకెవరూ చెప్పనే లేదు చూడు.”

వర్డెల్ చేతిలోని పళ్ళెం సింకులోకి జారింది. పగల్లేదు. నీళ్ళ కింద చేతులు అలాగే ఉంచి నిలబడింది. ఆమె జీవితమంతా రాబోయేదాన్ని ముందే చూడాలని చూసిన మనిషి. పిల్ల సైకిలు ఎక్కితే ఆసుపత్రి చూసింది. ఫోను మోగితే శవపేటిక చూసింది. ఈ ఒక్కటి మాత్రం, సొంత చేతులతో చేస్తున్నప్పుడు కూడా కనబడలేదు.

“షెరెల్,” అంది వెనక్కి తిరక్కుండానే. “ఆ కప్పు నేను పారేశా.”

కూతురికి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. తిట్టలేదు. తిడితే బాగుండునని వర్డెల్ అనుకుంది. కాయితాలన్నీ అంచులు సరిచేసి, మళ్ళీ మళ్ళీ సరిచేసి, సంచిలో పెట్టుకుంది షెరెల్.

“ఒక్క కప్పేనా?”

“అన్నీ.”

మంగళవారం బడిలో వంట ముగించుకుని వర్డెల్ లానీతో చెత్తదిబ్బకు వెళ్ళింది. ఊరికి ఆరు మైళ్ళ దూరం. శనివారం కుమ్మరించిన చోటు లానీకి గుర్తే గానీ, దాని మీద మూడు రోజుల ఊరి చెత్త చేరింది. పరుపులు, తడిసిన అట్టపెట్టెలు, ఎవరిదో సోఫా. రాబందులు కాస్త దూరంలో కూర్చుని ఇద్దర్నీ చూస్తున్నాయి.

“సిస్టర్, ఇది అయ్యే పని కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం.”

“నన్ను పట్టుకోనీ. నువ్వు ఆ పరుపు చివర ఎత్తు.”

“అందులో ఎలకలుంటే?”

“ఉంటాయి. కరుస్తాయి. జ్వరమొచ్చి ఇద్దరం చస్తాం. ఎత్తు ముందు.”

మట్టి తవ్వే ముళ్ళపారతో ఆమె అంగుళం అంగుళం తిరగేసింది. గంటన్నరకు ఒక నత్తగుల్ల దొరికింది. దాని పక్కన ఇంకొకటి. గుల్లలు కనబడ్డ వైపుకే తవ్వుకుంటూ పోయింది. బొమ్మ మొండెం, లాంతరు గాజు ముక్కలు. అవి చేతికి వచ్చినకొద్దీ పక్కన వేరువేరుగా పెట్టింది. ఏది ఎవరిదో ఇక దేవుడు కూడా సర్దలేడనిపించింది. ఒక షెడ్డు నిండా ఉన్న ఉత్తరాలను పేరు పేరునా చేర్చిన మనిషి కోసం వెతుకుతూ, తనేమో ఊరి పెద్దలందరి పేర్లనూ ఒక్క పూటలో కలగాపులగం చేసింది.

కప్పు చివరికి లానీ బూటు కింద దొరికింది. అంచు కాస్త నొక్కుకుపోయింది. గౌనుతో తుడిస్తే పిడి కింద సైన్యం ముద్ర రెండక్షరాలు బయటపడ్డాయి.

“దొరికిందిగా, ఇక నవ్వు,” అన్నాడు లానీ.

“కప్పు దొరికింది. చోటు ఎక్కడ దొరికింది?”

కంచె వారన చివరి వరసలో వస్తువులుండిన సమాధులు పన్నెండో పదమూడో. ఏ వస్తువు దేని మీద నుంచి తీసిందో వర్డెల్‌కు జ్ఞాపకం లేదు. పాస్టరు రోలిన్స్‌కు మూలన అన్నదొక్కటే గుర్తు. ఆ మూల వానలకు కొట్టుకుపోతే మట్టి పోయించి రెండుసార్లు కంచె మార్చారు. ఇక ఒక్క మనిషే చెప్పగలదు.

ఇంటికి వచ్చి వర్డెల్ తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కప్పును ఆమె ఒళ్ళో పెట్టింది.

“అమ్మా. ఇది ఎక్కడుండేది? ఎన్నోది? కంచె నుంచి ఎన్ని అడుగులు? నువ్వు చూసుంటావు. నేను మొన్న తీస్తుంటే అందుకేగా నువ్వు అద్దం కొట్టావు? నాకు బుద్ధి లేక నీళ్ళు తెచ్చా. చెప్పమ్మా.”

ఒజెల్లా జేబులోంచి కుడిచెయ్యి తీసింది. కప్పును తిప్పింది. అడుగున ఉన్న చిల్లిలోంచి చూపుడువేలు బయటికి పెట్టి ఆ వేలినే చూస్తూ కూర్చుంది. కూతురి మొహం వైపు చూడలేదు. తర్వాత కళ్ళు మూసుకుంది.

“నిద్రొస్తోందా?”

నిద్ర కాదని మూసిన రెప్పల కింద కదులుతున్న గుడ్లు చెబుతూనే ఉన్నాయి.

బుధవారం లానీ ఎక్కణ్ణుంచో నిలువెత్తు సన్న ఇనప చువ్వ ఒకటి తెచ్చాడు. పైన అడ్డపిడి ఉంది. తవ్విన నేలయితే చువ్వ మెత్తగా దిగుతుంది, తవ్వనిదయితే మొరాయిస్తుంది. మూలన మొదలుపెట్టి అడుక్కొకసారి గుచ్చుతూ పోయాడు. దిగినచోట వర్డెల్ ఐస్‌క్రీం పుల్ల పాతుతూ వచ్చింది. రెండు గంటలకు పుల్లలు అయిపోయాయి.

“నేలంతా మెత్తగానే ఉంది సిస్టర్,” అన్నాడు చువ్వ మీద గడ్డం ఆనించి. అతనిలో నవ్వు లేదు. “ఎక్కడ గుచ్చినా మనవాళ్ళే.”

గురువారం రాయి వచ్చింది. బూడిదరంగు గ్రానైటు. ‘కార్పొరల్ ఆర్లెతా మే గ్రైమ్స్’ అని లోతుగా చెక్కారు. దించిన చోట గడ్డి మీద వెల్లకిలా పడుకోబెట్టారు. పాస్టరు రోలిన్స్ టోపీ తీసి నుదురు తుడుచుకుని, మూలకు దగ్గరగా, కంచెకు మూడడుగుల ఇవతల మడమతో గుర్తు గీశాడు.

“ఇక్కడ పెడదాం. ఎవరెక్కడున్నారో దేవుడికి తెలుసు.”

“దేవుడికి తెలిస్తే సరిపోతుందా పాస్టరుగారూ?” అంది వర్డెల్. “ఈ కింద వేరే ఆవిడ ఉందనుకోండి. తీర్పునాడు లేచి, నా పేరేదీ, నా నెత్తిన ఈ పరాయి పేరేంటీ అంటే ఎవరు జవాబు చెప్తారు?”

“నీ పేరు చెప్తాలే.”

“నవ్వకండి. నేనే చెప్పాలి మరి.”

“సిస్టర్ వర్డెల్, సైన్యం వాళ్ళు వస్తున్నారు. పత్రిక వాళ్ళు వస్తున్నారు. రాయిని చేతుల్లో పట్టుకుని నిలబడతామా? అమ్మ చెబితే చెప్పనీ, రేపు పొద్దున్న కూడా మార్చొచ్చు. చెప్పకపోతే ఇదే.”

ఆ రాత్రీ, మర్నాడు పొద్దునా వర్డెల్ అడగడం మానలేదు. తల దువ్వుతూ అడిగింది. కాళ్ళకు నూనె రాస్తూ అడిగింది. గంజి కలిపి చల్లార్చి నోటి దగ్గర పెడుతూ అడిగింది. ఒకసారి గట్టిగా అరిచింది కూడా. అరిచి, తల్లి చెయ్యి తీసుకుని బుగ్గకు ఆనించుకుంది. ఒజెల్లా అన్నీ వింది. కప్పు మాత్రం ఒళ్ళోంచి దించలేదు. స్నానానికి వెళ్ళినా సబ్బు పక్కన ఉండాల్సిందే.

శుక్రవారం మధ్యాహ్నం ఇంకేమీ తోచక వర్డెల్ శ్మశానం గేటు దగ్గరికి వెళ్ళింది. చిన్న సీసాలో వెనిగర్, ఉప్పు, పాతగుడ్డ. గేటు కమాను మీద ఇత్తడి పలక ఉంది: ‘ఈ చర్చిని నలభై ఏళ్ళు కాపాడిన డీకన్ హైరమ్ మోస్లీ జ్ఞాపకార్థం’. ఆమె తండ్రి, ఈ చర్చి పెద్ద. పలక పచ్చపడిపోయింది. పత్రిక వాళ్ళు ఫోటో తీస్తే సిగ్గుచేటు. నిచ్చెన ఎక్కి, కింద పడి నడుం విరుగుతుందని తనను తానే తిట్టుకుంటూ, అక్షరం అక్షరంలో గుడ్డ కొస దూర్చి తోమింది. తండ్రి పేరు ఎండకు మెరిసింది. ఆ వారంలో ఆమె చేతి మీదుగా సరిగ్గా జరిగిన పని అదొక్కటే. దిగి, దూరంగా నిలబడి చూసుకుంది. ‘నాన్న ఉండుంటే చోటు చెప్పేవాడు, ఇన్ని పాట్లు ఉండేవి కావు’ అనుకుంది.

శనివారం ఎండ బాగా కాసింది. ఎవరి కాలూ తెగలేదు. పిల్లలు తెల్లచొక్కాల్లో పాడారు. తెల్లటోపీల ఆడవాళ్ళు వేడికి అట్ట విసనకర్రలు ఊపుతూ వంతపాడారు. షెరెల్ మాట్లాడింది. షెడ్డు గురించి, ఎలకల గురించి, నల్లరంగు పూసిన కిటికీల గురించి చెబుతూ, “పోస్టాఫీసు ఆమెకు తలుపు తెరవలేదు,” అని చేతిలోని కాయితం పక్కన పెట్టింది. “కానీ సొంతవాళ్ళు ఆమెను మరిచిపోలేదు. ఎవరో ఒకరు ఇక్కడ ఒక కప్పు పెట్టారు.”

“అవునమ్మా,” అన్నారు వెనక వరసల నుంచి. “అది నిజం.”

వర్డెల్ తల వంచుకుంది. పక్కన చక్రాల కుర్చీలో తల్లి కప్పును రెండు చేతులా పట్టుకుని, రాయిని కాక, కంచె పైనుంచి అవతలికి చూస్తోంది. అవతల ఏముంది? కలప కోసం ఎవరో వేసిన దేవదారు తోట. వరసలు వరసలుగా, ఒకే ఎత్తున, కనుచూపు మేర. గాలికి ఒక్కసారే ఊగుతున్నాయి.

బూర మోగింది. చివరి స్వరం ఆ చెట్లలోకి వెళ్ళి తిరిగి రాలేదు. ఇద్దరు సిపాయిలు జెండాను మూలలు కలిపి మడిచారు. ఒక మడత, ఇంకొక మడత, చివరికి ముక్కోణం. అందులో ఒకతె నల్లపిల్ల, సార్జెంటు, షెరెల్ వయసుదే. బంధువులెవరూ లేరని ముందే చెప్పారు గనక ఆర్లెతాతో పనిచేసిన ఒజెల్లా దగ్గరికే నేరుగా వచ్చి మోకాలి మీద కూర్చుంది. దేశం తరఫున కృతజ్ఞతలని, కంఠతా వచ్చిన మాటలను కంఠతా వచ్చినట్టు కాకుండా, మెల్లగా చెప్పింది. జెండా చాపింది.

ఒజెల్లా చేతులు కప్పు మీంచి కదల్లేదు.

విసనకర్రలు ఆగాయి. సార్జెంటు చేతులు అలాగే గాలిలో ఉన్నాయి. పిల్ల కళ్ళు ఒకసారి పాస్టరు వైపు, ఒకసారి వర్డెల్ వైపు తిరిగాయి. ఒజెల్లా ఆ పిల్ల మొహాన్నీ, భుజం మీద పట్టీలనూ, చొక్కా గుండీలనూ ఒక్కొక్కటే చూసింది. తల అడ్డంగా ఊపింది. ఇక చూడలేక వర్డెల్ వంగి జెండా అందుకుంది.

“పెద్దావిడ,” అంది నసుగుతూ. “ఏమీ అనుకోకు తల్లీ. నీరసం.”

“పర్లేదు మేడం,” అంది ఆ పిల్ల. లేచి నిలబడి, ఒజెల్లాకే సెల్యూట్ కొట్టింది. ఒజెల్లా మొహం అటు తిప్పుకుంది.

జనం భోజనాలకు హాల్లోకి వెళ్ళారు. వేయించిన కోడి, అన్నం, ఆకుకూర, వెన్న కేకు వాసన శ్మశానం దాకా వస్తోంది. లానీ కంఠం, నవ్వులు. ‘సిస్టర్ వర్డెల్ ఏదీ? కోడిలో ఎముకలున్నాయని హెచ్చరించేవాళ్ళు లేకపోతే తినేదెలా?’ అంటున్నాడు. వర్డెల్ వెళ్ళలేదు. తల్లి కుర్చీ తోసుకుంటూ వెనక కంచె దాకా తెచ్చింది. రాయి పక్కన నిలబెట్టింది. దాని చుట్టూ కొత్తమట్టి, పూలు. జెండాను చంకలో బిగించి పట్టుకుని, తల్లి ముందు మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంది.

“అమ్మా, ఇంకెవరూ లేరు. నన్ను తిట్టు. కొట్టు. నేను పారేశా, నేనే చెడగొట్టా. ఇది చోటు కాకపోతే కాదని ఒక్కసారి తల ఊపు. సోమవారం లానీతో చెప్పి మార్పిస్తా. ఎన్నోది?”

ఒజెల్లా కప్పును పైకెత్తింది. రాయి వైపు కాదు. కంచె పైనుంచి, దాని అంచుతో, దేవదారు వరసల వైపు చూపించింది.

“అక్కడ.”

ఎవరు మాట్లాడారో వర్డెల్‌కు ఒక క్షణం తెలియలేదు. వారం రోజులు వాడని గొంతు, తుప్పుపట్టిన గొళ్ళెంలా ఉంది.

“అక్కడెక్కడ? అది మనది కాదుగా.”

“మనది కాదు. అప్పుడది మొక్కజొన్న చేను. అందులోనే పెట్టారు. తర్వాత దున్నారు. చెట్లేశారు, నరికారు, మళ్ళీ వేశారు.” ఊపిరి కోసం ఆగింది. “లోపల లేదే ఆర్లెతా. ఎప్పుడూ లేదు.”

“మరి కప్పు?”

“కప్పు నేను పెట్టా. మరుసటేడు, సమాధులు ఊడ్చే రోజు. ఉత్త నేల మీద. ఏదో ఒకటి లోపల ఉండాలని.”

వర్డెల్ రాయిని చూసింది. కొత్తమట్టిని చూసింది. పెద్దవాళ్ళందరికీ తెలుసన్నమాట. పిల్లలకు మాత్రం చెయ్యి పట్టుకుని కప్పు చూపించారు. తనేదో పోగొట్టిందని సోమవారం నుంచీ కుమిలిపోయింది. పోగొట్టడానికి అక్కడేమీ లేదు.

“ఎందుకమ్మా? కాయితంలో ఇక్కడేనని ఉందిగా.”

“కాయితం శవం బయల్దేరే ముందే రాస్తారు.” ఒజెల్లా కప్పును ఒళ్ళోకి దించుకుంది. “ఆర్లెతా మూడోసారి పోస్టాఫీసుకి పోయొచ్చింది. పరీక్ష రాయనివ్వమని. యూనిఫాం వేసుకుని మరీ. మర్నాడు చర్చి మెట్ల మీద కిరోసిన్ డబ్బా ఉంది. మీద అగ్గిపెట్టె. అంతే. కాయితం ముక్క కూడా లేదు. ఆ ఆదివారం చర్చి పుస్తకంలోంచి దాని పేరు కొట్టేశారు. ఎవరూ దాని పక్కన కూర్చోలేదు. లాండ్రీలో నేను కూడా ఇవతలి తొట్టికి మారా.”

హాల్లోంచి పాట మొదలైంది. చప్పట్లు.

“ఎన్నాళ్ళో బతకలేదు. ఊపిరితిత్తుల్లో నిమ్ము. పెట్టె బండి మీద వచ్చింది. వాన. మీ నాన్న గేటుకి తాళమేశాడు. నేనిక్కడే, ఇటువైపు. నువ్వు నా చంకలో. నీకింకా నడక రాలేదు. బండివాడు చాలాసేపు నిలబడ్డాడు. డీకనుగారూ, పెట్టె తడుస్తోందయ్యా అన్నాడు. మీ నాన్న నా వంక చూసి, రేపు చర్చి తగలబడితే, చర్చితో ఇల్లు తగలబడితే, ఈ పిల్లనెక్కడ పెడతావే అన్నాడు. నాకు భయమేసింది.”

కమాను మీద ఇత్తడి పలక ఇక్కడికి కూడా మెరుస్తూ కనబడుతోంది. వెనిగర్ వాసన వర్డెల్ వేళ్ళకు ఇంకా ఉంది. ఆ భయం ఆమెకు పరాయిది కాదు. పుట్టినప్పటి నుంచీ దాని ఒళ్ళోనే పెరిగింది. ఆ భయమే తనను బతికించింది. తల్లి మోకాలి మీద చెయ్యి వేసింది.

“నాన్న తాళమేస్తే నువ్వేం చేస్తావమ్మా? నీ చేతిలో ఏముంది?”

గాలి వీచింది. దేవదారు వరసలన్నీ ఒక్కసారే అటు వంగి ఒక్కసారే లేచాయి. వాటిలో ఏ ఒక్కటీ పక్కదానికి భిన్నంగా లేదు. హాల్లో పాట అయిపోయి, పళ్ళేల చప్పుడు మొదలై, అదీ సద్దుమణిగింది. షెరెల్ ఎవరితోనో మాట్లాడుతూ గేటు దాకా వచ్చి, వీళ్ళిద్దర్నీ చూసి, అక్కడే ఆగిపోయింది. ఒజెల్లా కుడిచెయ్యి మెల్లగా ఏప్రన్ జేబులోకి పోయింది. అక్కడ దేన్నో పట్టుకున్నట్టు పిడికిలి బిగిసింది.

“ఆ రోజు తాళంచెవి ఆయన దగ్గర లేదే,” అంది చివరికి. “దీన్లో ఉంది.”